మొక్కజొన్నలో కలుపు: కషాయం ఎంతవరకు?

మొక్కజొన్నకు కలుపుతో అసలు పోటీ విత్తిన తొలి నెలన్నర రోజుల్లోనే. అప్పటిదాకా చేను శుభ్రంగా ఉంచగలిగితే సాళ్ళ మధ్య ఆకులు కమ్ముకుని నీడ పడుతుంది. తర్వాత మొలిచే గడ్డి ఆ నీడలో నీరసించిపోతుంది. ఆ నెలన్నర చేజారితే దిగుబడిలో మూడో వంతు, ఒక్కోసారి సగం వరకు పోతుంది. చిక్కేమిటంటే ఖరీఫ్‌లో సరిగ్గా ఆ రోజుల్లోనే ముసురు పడుతుంది. నేల ఆరదు, గుంటక దిగదు. కూలీలంతా వరినాట్లకో పత్తి కలుపుకో పోతారు. గునుగు, ఊద, తుంగ, చిలుకతోటకూర, గంగవాయిలి, వయ్యారిభామ మాత్రం వాన కోసమే కాచుకున్నట్టు లేస్తాయి. అందుకే మన దగ్గర మొక్కజొన్న సాగు గడ్డి మందు డబ్బా మీద ఆధారపడింది. దీన్ని రైతు బద్ధకమని తేల్చేసే పట్నపు విమర్శకులు జులైలో కరీంనగర్ జిల్లా చేలగట్ల మీద నాలుగు రోజులు నిలబడి చూడాలి.

ఈ ఆధారపడటం ఎంతకాలం సాగుతుందో చెప్పడం కష్టం. విత్తిన రెండు మూడు రోజుల్లో తేలిక నేలల్లో ఎకరాకు 800 గ్రాములు, బరువు నేలల్లో 1200 గ్రాముల వరకు మన రైతులు చల్లే అట్రజిన్‌ను ఐరోపా సమాఖ్య 2004లోనే పక్కన పెట్టింది. భూగర్భ జలాల్లో దాని అవశేషాలు పేరుకుపోవడమే కారణం. మన కేంద్ర ప్రభుత్వం 2020లో నిషేధించాలనుకున్న 27 పురుగుమందుల ముసాయిదా జాబితాలోనూ అట్రజిన్ ఉంది. చివరకు దాని మీద నిషేధం రాలేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోసిన చేలో దున్నకుండా మొక్కజొన్న వేసే రైతులు ఎక్కువగా నమ్ముకున్న పారాక్వాట్‌ను కేరళ 2011లోనే ఆపేసింది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఆదేశించింది. ఇలా తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నప్పుడు, మొక్కల రసాలతో కలుపును అణచవచ్చా అన్న ప్రశ్నను ప్రకృతి ప్రేమికుల ముచ్చటగా కొట్టిపారేయలేం.

జవాబు మాత్రం వాట్సాప్ వీడియోల్లో దొరకదు. ఆవు మూత్రంలో ఉప్పు, సున్నం, నిమ్మరసం కలిపి కొడితే గడ్డి మాడిపోతుందని చెప్పే వీడియోలకు లక్షల్లో చూపరులున్నారు. నిజమే, మాడుతుంది. అంత ఉప్పు పడితే ఏ ఆకైనా మాడుతుంది. మొక్కజొన్న ఆకు కూడా ఆకే. పైగా ఆ ఉప్పు ఎక్కడికీ పోదు, నేలలో సోడియంగా నిలిచి మట్టిని బిగుసుకుపోయేలా చేస్తుంది. పొటాష్, జింకు అంటూ వేలకు వేలు పోసే రైతు అదే చేలో కిలోల కొద్దీ ఉప్పు చల్లడమేమిటి? ఉప్పు సహజమైనదే కదా అంటే, ఉమ్మెత్త కూడా సహజమైనదే.

శాస్త్రం చెప్పేది వేరు. ఒక మొక్క విడిచే రసాయనాలు పక్క మొక్క మొలకను, వేరును దెబ్బతీయడాన్ని అల్లెలోపతి అంటారు. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1937లో ఆ పేరు పెట్టాడు. పేరు తెలియకపోయినా సంగతి మన రైతులకు కొత్త కాదు. జొన్న కోసిన చేలో వెంటనే వేసిన పైరు మందకొడిగా సాగుతుందని పెద్దలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. కుళ్ళే మోళ్ళు నత్రజనిని తినేయడం అందుకు కొంత కారణం. జొన్న వేళ్ళు విడిచిన పదార్థాలు మరికొంత కారణం. వాటిలో ముఖ్యమైన దాని పేరే సోర్గోలియోన్. జొన్న వేరు నూగు మీద బంగారు రంగు నూనె బొట్టులా ఊరుతుంది. చిన్న గింజల కలుపు మొలకలను అది గట్టిగా దెబ్బతీస్తుంది.

ఈ జొన్న గుణాన్ని పొలంలోకి తీసుకురావడానికి ఎక్కువగా పాటుపడింది పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. అక్కడి శాస్త్రవేత్తలు జాహిద్ అతా చీమా, అబ్దుల్ ఖాలిక్, వారి సహచరులు జొన్న చొప్పను నీళ్ళలో నానబెట్టి తీసిన రసానికి ‘సోర్గాబ్’ అని పేరు పెట్టారు. గోధుమ చేలో దాన్ని పిచికారీ చేస్తే కలుపు బరువు 35 నుంచి 49 శాతం వరకు తగ్గిందని 2000లో ప్రచురించారు. తర్వాత మొక్కజొన్నలోనూ ప్రయత్నించారు. రసం ఒక్కటే కొడితే ఫలితం ఓ మోస్తరుగా ఉంది. తగ్గించిన మోతాదు అట్రజిన్‌తో కలిపి కొడితే పూర్తి మోతాదుకు దగ్గరగా వచ్చింది. పొద్దుతిరుగుడు, ఆవ జాతి మొక్కల రసాలనూ జోడించి చూశారు. ఇరవై ఏళ్ళకు పైగా సాగిన ఈ పని సారాంశం ఒక్కటే: మొక్కల రసం గడ్డి మందుకు తోడు రాగలదు, దాని స్థానాన్ని ఒంటరిగా నింపలేదు.

ఎందుకు నింపలేదు? జొన్నలోని అసలు బలం సోర్గోలియోన్. అది నూనె గుణమున్నది, నీళ్ళలో కరగదు. చొప్ప నానబెడితే దిగేవి దానికన్నా బలహీనమైన ఫినాలిక్ ఆమ్లాలు. వాటినీ నేల ఊరికే ఉండనివ్వదు. నల్లరేగడిలోని బంకమట్టి కొంత పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవులు రోజుల్లోనే మిగతాది తినేస్తాయి. ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో తడి కాగితం మీద ముల్లంగి గింజలు మొలవకుండా ఆపిన రసం పొలంలో సగం పని కూడా చేయకపోవడానికి కారణం ఇదే. కాలేజీ థీసిస్‌లలో ఫలానా ఆకు కషాయం కలుపును 90 శాతం అరికట్టిందన్న వాక్యం కనిపిస్తే, అది పళ్ళెంలోనా, కుండీలోనా, చేలోనా అని ముందు అడగాలి. చాలాసార్లు పళ్ళెమే.

రెండో చిక్కు మరీ విచిత్రం. ఇలాంటి రసాలు చిక్కగా ఉంటే మొక్కను అణచుతాయి, బాగా పలచబడితే ఎదుగుదలను పెంచుతాయి. మునగాకు రసాన్ని పలచన చేసి పైర్ల ఎదుగుదల కోసం కొడుతున్నది ఈ గుణాన్ని చూసే. అంటే మోతాదు తగ్గిన కషాయం కలుపుకు టానిక్‌గా మారే ప్రమాదముంది. డబ్బాకు ఇన్ని నీళ్ళని చెప్పకుండా ‘మీ ఇష్టం వచ్చినట్టు కలుపుకోండి, సహజమే కదా’ అనే సలహాలు అందుకే పనికిరావు.

ఇక మొక్కజొన్నను వదిలి కలుపును మాత్రమే కొట్టడం ఎలా? అట్రజిన్ విషయంలో మొక్కజొన్నకు సొంత రక్షణ ఉంది. అది ఆ మందును తన కణాల్లోనే విడగొట్టి నిర్వీర్యం చేసుకుంటుంది, చాలా కలుపు మొక్కలకు ఆ శక్తి లేదు. కషాయాలకు అలాంటి వివేచన లేదు. వాటికి దొరికే అవకాశం లోతులో ఉంది. మొక్కజొన్న గింజ పెద్దది, నాలుగైదు సెంటీమీటర్ల లోతున పడుతుంది, తన తిండి తనతోనే తెచ్చుకుంటుంది. తోటకూర, గంగవాయిలి, ఊద గింజలు చిన్నవి, పైపొరలోనే మొలుస్తాయి. కాబట్టి రసమైనా, చొప్ప కప్పుదలైనా పైపొర మీద పనిచేస్తే మొక్కజొన్న తప్పించుకుంటుంది, చిన్న గింజల కలుపు దెబ్బతింటుంది. తుంగ గడ్డలకు, గరిక వేళ్ళకు ఈ లెక్క వర్తించదు. అవి గింజ నుంచి కాదు, కింద దాచుకున్న గడ్డ నుంచి, కణుపు నుంచి లేస్తాయి. తుంగ నిండిన చేలో కషాయం మీద ఆశ పెట్టుకోవడం దండగ. విదేశాల్లో సేంద్రియ కలుపు మందులుగా అమ్మే పెలార్గోనిక్ ఆమ్లం, లవంగ నూనె, గాఢమైన వెనిగర్ కూడా ఇంతే. తగిలిన ఆకును మాడుస్తాయి, వేరును తాకవు. పైరు మీద పడితే పైరునూ మాడుస్తాయి.

సోర్గాబ్ పద్ధతిని మన ఎకరానికి మార్చి లెక్క వేస్తే మరో సంగతి బయటపడుతుంది. చొప్పను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, కిలోకు పది లీటర్ల చొప్పున నీళ్ళలో 24 గంటలు నానబెట్టి, వడకట్టి, ఇరవయ్యో వంతుకు దిగేదాకా మరిగించాలి. హెక్టారుకు 15 లీటర్ల లెక్కన చూస్తే ఎకరాకు ఆరు లీటర్లు. దానికి పన్నెండు కిలోల చొప్ప, 120 లీటర్ల నీళ్ళు చాలు. ఇక్కడివరకు సులువే. కానీ ఆ 120 లీటర్లను ఆరు లీటర్లకు దించాలంటే 114 లీటర్ల నీటిని ఆవిరి చేయాలి. మామూలు కట్టెల పొయ్యి మీద అందుకు వంద కిలోలకు అటూ ఇటూ కట్టెలు పడతాయి. ఎకరాకు, ఒక్క పిచికారీకి. రెండు మూడు సార్లు కొట్టాలంటే చెట్టు కూల్చాల్సిందే. ఇలాంటి కషాయాన్ని పర్యావరణ హితమని ఎవరైనా అంటే పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళను అడగమనాలి.

ఇంకా ఆలోచిస్తే మరిగించడమే అనవసరమనిపిస్తుంది. ఎకరాకు పిచికారీ చేయడానికి ఎలాగూ 200 లీటర్ల నీళ్ళు కావాలి. ఆరు లీటర్ల చిక్కటి రసాన్ని తిరిగి అన్ని నీళ్ళలో కలిపేటప్పుడు, అసలు చిక్కబరచకుండా ఆ 120 లీటర్ల రసాన్నే నేరుగా వాడితే చేలో పడే పదార్థం ఇంచుమించు అంతే. చిక్కబరచడం సీసాలో నిల్వ చేయడానికి, దూరం మోయడానికి పనికొస్తుంది. సొంత చేలో పండిన చొప్పతో సొంత చేలో కొట్టుకునే రైతుకు ఆ అవసరం లేదు. ప్రకృతి వ్యవసాయం పుణ్యమా అని ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో ఊళ్ళలో జీవామృతం కలిపే 200 లీటర్ల డ్రమ్ములు ఇప్పటికే ఉన్నాయి. ముందు రోజు నానబెట్టి, మర్నాడు వడకట్టి, తైవాన్ పంపులో పోస్తే సరిపోవచ్చు. మరిగించనప్పుడు రసంలో పదార్థాలు ఎలా మారతాయో, ఎన్ని గంటల్లో పులిసిపోతుందో తేల్చాలి. అది ప్రయోగ క్షేత్రాల్లో ఒకటి రెండు సీజన్లలో తేలే పని.

మొక్కల రసాయనంతో మొక్కజొన్నలో కలుపు తీసే ప్రయత్నం ఒకసారి పెద్ద ఎత్తున గెలిచింది. ఆ కథ చాలామందికి తెలియదు. 1977లో కాలిఫోర్నియాలో స్టాఫర్ కంపెనీ శాస్త్రవేత్త ఒకరు బాటిల్ బ్రష్ చెట్ల కింద కలుపు పెద్దగా మొలవకపోవడం గమనించాడు. ఎర్రటి బ్రష్షుల్లాంటి పూలతో మన పార్కుల్లోనూ కనిపించే చెట్టే అది. దాని నుంచి లెప్టోస్పెర్మోన్ అనే పదార్థం విడదీశారు. దాన్ని చల్లితే కలుపు మొక్కలు ఆకులు తెల్లబడి చచ్చిపోయాయి. అయితే హెక్టారుకు కిలోల లెక్కన వాడితే తప్ప పని జరగలేదు. దాని నిర్మాణాన్ని నమూనాగా పెట్టుకుని రసాయన శాస్త్రవేత్తలు ఎంతో బలమైన రూపాలు తయారుచేశారు. అలా పుట్టిన మెసోట్రయోన్‌ను సింజెంటా కంపెనీ 2001లో మొక్కజొన్న కోసం ‘కాలిస్టో’ పేరుతో విడుదల చేసింది. బాటిల్ బ్రష్ చెట్టు శాస్త్రీయ నామం కాలిస్టిమాన్. ఇవాళ మన రైతులు విత్తిన 20, 25 రోజులకు కొడుతున్న టెంబోట్రయోన్, టోప్రామెజోన్ కూడా ఆకును తెల్లబరిచే అదే పద్ధతిలో పనిచేస్తాయి.

ఈ కథలో రెండు సంగతులు కనిపిస్తాయి. మొక్క దారి చూపింది నిజమే, పొలానికి చేరింది మాత్రం ఫ్యాక్టరీ సరుకు. చెట్టులో పుట్టిన ఆలోచన చివరకు కంపెనీ పేటెంటుగా మారింది. అలాగే మొక్క నుంచి వచ్చినంత మాత్రాన కలుపు లొంగి ఉండలేదు. మార్కెట్లోకి వచ్చి పదేళ్ళు తిరగకముందే అమెరికాలోని ఇల్లినాయిలో తోటకూర జాతి కలుపు ఈ మందులకు తట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకే దెబ్బను పదేపదే కొడితే కలుపు నేర్చుకుంటుంది, ఆ దెబ్బ సహజమా కృత్రిమమా అని చూడదు.

సగం మోతాదు మందుకు రసం కలిపే ఫైసలాబాద్ పద్ధతిలోనూ ఇలాంటి ముప్పే ఉంది. ఆస్ట్రేలియాలో రైగ్రాస్ అనే గడ్డి మీద జరిగిన పరిశోధనల్లో తక్కువ మోతాదు గడ్డి మందులే నిరోధక శక్తిని త్వరగా పెంచాయని తేలింది. సగం చచ్చి సగం బతికిన కలుపు వచ్చే ఏటికి మొండి విత్తనాన్ని దాస్తుంది. కాబట్టి సగం మందు, సగం రసం అన్నాక మిగిలిన కలుపును గుంటకతోనో చేతితోనో తీయకపోతే, మందు ఖర్చులో మిగిలింది నాలుగేళ్ళలో వడ్డీతో సహా పోతుంది. ఈ మాట చెప్పకుండా సగం మోతాదు గొప్పతనాన్ని మాత్రమే చెప్పేవాళ్ళను నమ్మడం కష్టం.

అమెరికాలో మరో ఉదాహరణ ఉంది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నిక్ క్రిస్టియన్స్ మొక్కజొన్న పిండి మిల్లుల్లో మిగిలే గ్లూటెన్ పొడి మొలకెత్తే కలుపు వేళ్ళను ఎదగనీయదని కనిపెట్టి 1991లో పేటెంటు పొందాడు. మొక్కజొన్నే కలుపు మందు అన్నమాట. కానీ ఎకరాకు దాదాపు 400 కిలోలు చల్లాలి. ఇంటి ముందు పచ్చిక బయలుకు సరే. కోళ్ళ దాణాలో మంచి ధర పలికే ఆ పొడిని చేలో చల్లుకునే రైతు మన దగ్గర ఎవరున్నారు?

మొక్కజొన్న చేలో మొక్కల రసాయనం నిలకడగా పనిచేస్తున్న చోటు కెన్యా. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల చిన్న కమతాల్లో స్ట్రైగా అనే పరాన్న కలుపు మొక్కజొన్న వేళ్ళకు అతుక్కుని పీల్చేస్తుంది. నైరోబీ కేంద్రంగా ఉన్న ఇసిపె సంస్థలో జియావుర్ ఖాన్ అనే భారతీయ శాస్త్రవేత్త నాయకత్వాన సాళ్ళ మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్కను పెంచారు. దాని వేళ్ళు విడిచే రసాయనాల్లో కొన్ని స్ట్రైగా గింజను మొలిపిస్తాయి, మరికొన్ని ఆ మొలక మొక్కజొన్న వేరును పట్టుకోకుండా అడ్డుకుంటాయి. ఆధారం దొరకని మొలక చచ్చిపోతుంది. పైగా డెస్మోడియం నేలకు నత్రజని ఇస్తుంది, పశువులకు మేత అవుతుంది. ఇక్కడ కషాయం లేదు, పొయ్యి లేదు, డ్రమ్ము లేదు. బతికున్న మొక్కే రోజూ వేళ్ళ దగ్గర కావాల్సినంత మోతాదు వదులుతోంది. నీళ్ళలో కరగని పదార్థాన్ని కూడా ఇలాగే వాడుకోవచ్చు. నా దృష్టిలో రసం తీసి కొట్టడం కన్నా ఇది మేలైన దారి.

మన మొక్కజొన్నలో ఈ దారికి తగిన పంటలున్నాయి. మొక్కజొన్న సాళ్ళ మధ్య కంది, బొబ్బర్లు వేయడం తెలంగాణకు కొత్త కాదు. నీడతో కలుపును అణచడంలో బొబ్బర్లదే పైచేయి. అయితే పప్పుజాతి అంతరపంట ఉన్నచోట అట్రజిన్ వాడకూడదు, కందిని చంపేస్తుంది. అప్పుడు మిగిలేది పెండిమిథాలిన్ ఒక్కటే. ఆ తర్వాత వెడల్పు ఆకుల కలుపుకు మందు లేక, గుంటక దింపలేక రైతు చేతులెత్తేస్తాడు. జొన్న రసానికి, జొన్న మోళ్ళ కప్పుదలకు మన దగ్గర మొదట చోటివ్వాల్సింది ఇలాంటి అంతరపంటల చేలలోనే. అట్రజిన్‌తో నేరుగా పోటీ పెట్టి ఓడించే బదులు అట్రజిన్ అడుగుపెట్టలేని చోట దాన్ని నిలబెట్టి చూడాలి. కంది మొలక ఆ రసానికి ఎంత తట్టుకుంటుందో కూడా అక్కడే తేలుతుంది.

చొప్ప విలువ కూడా తక్కువేం కాదు. పశువులున్న రైతు మంచి చొప్పను మేతకే ఉంచుకుంటాడు, ఉంచుకోవాలి కూడా. అందుకే కొయ్యకాళ్ళు, వేళ్ళు, తడిసి మేతకు పనికిరాని చొప్ప మీద దృష్టి పెట్టాలి. ఇంకో వైపు కౌలు రైతు ఉన్నాడు. వచ్చే ఏడు ఈ చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు మూడేళ్ళకు ఫలమిచ్చే కప్పుదలలు, పంట మార్పిడులు ఎందుకు చేస్తాడు? డబ్బా మందు ఈ వారమే పనిచేస్తుంది. కలుపు సమస్య వెనక కౌలు కాగితం ఉందని వ్యవసాయ విధానం రాసేవాళ్ళు గుర్తించరు.

ఒకప్పుడు తెలంగాణ పళ్ళెంలో రోజూ ఉన్న జొన్నను పక్కకు నెట్టి ఆ నేలల్లో మొక్కజొన్న విస్తరించింది. ఇప్పుడు మొక్కజొన్న కలుపుకు మందు కావాలంటే మళ్ళీ జొన్న దగ్గరికే వెళ్ళాల్సి వస్తోంది. రెండు పంటల పరిశోధనా రాజేంద్రనగర్‌లో పక్కపక్కనే ఉంది. భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న మీద పనిచేస్తోంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం మొక్కజొన్న పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. కలుపు మీదే పనిచేసే జాతీయ సంస్థ జబల్‌పూర్‌లో ఉంది. సోర్గోలియోన్ ఎక్కువ విడిచే జొన్న రకాలేవో గుర్తించి, అలాంటి రకం కోసిన మోళ్ళలో దున్నకుండా మొక్కజొన్న వేస్తే ఏమవుతుందో చూడటానికి విదేశీ నిధులు అక్కర్లేదు.

ఈలోగా మార్కెట్ ఊరుకోదు. ‘బయో’, ‘హెర్బల్’ అంటూ ఆకుపచ్చ లేబుళ్ళతో గడ్డి మందు సీసాలు దుకాణాల్లోకి వస్తాయి. కలుపును చంపుతుందని చెప్పి అమ్మే ఏ మందైనా, మొక్కల నుంచి తీసినదైనా సరే, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. లేబుల్ మీద నమోదు సంఖ్య, మూలపదార్థం పేరు, శాతం ఉన్నాయో లేదో చూడాలి. అవేమీ లేకుండా రెండు రోజుల్లో చేనంతా మాడ్చేస్తే అందులో ఏదో రసాయన మందు కలిపారని అనుమానించాలి, బిల్లు దాచి వ్యవసాయాధికారికి చూపాలి.

ప్రభుత్వాలకు, విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం. వచ్చే ఖరీఫ్‌లో ఎర్రనేలలో ఒకచోట, నల్లరేగడిలో ఒకచోట మొక్కజొన్న, కంది చేలలో నాలుగు మడులు వేయండి. ఒకదానిలో మరిగించని జొన్న రసం, ఒకదానిలో జొన్న మోళ్ళ కప్పుదల, ఒకదానిలో సిఫారసు చేసిన మందు, ఒకదానిలో చేతి కలుపు. మోతాదు, కూలి, కట్టె, చొప్ప ధర అన్నీ లెక్కకట్టండి. రసం ఓడిపోయినా సరే, ఆ లెక్కలను ఎకరాకు ఖర్చుతో సహా తెలుగులో ప్రచురించి రైతు చేతికివ్వండి.